మిషన్ చేత ఎరుపు మాన్పించిన వైనం

గండభేరుండ ప్రెసిషన్ ప్రోడక్ట్స్ వారి కొత్త కొలతల మిషన్ మీద పురోహితుడు పసుపు చల్లబోతుంటే, ముక్తేశ్వరరావు అడ్డంపడి ఆ పసుపంతా తన చొక్కా మీద వేయించుకున్నాడు. చొక్కా పోతే పోయింది, మిషన్‌కి అంటితే కొలత పోతుంది. అంత భక్తి అతనికి. పురోహితుడు మాత్రం "పసుపు తగిలితే పాడయ్యే దేవుణ్ణి ఇక్కడే చూస్తున్నానండీ" అని చిన్నబుచ్చుకుని, మిగతా మంత్రాలు మింగేసి, సంభావన పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

విజయవాడ ఆటోనగర్‌లో లిఫ్టులకి బ్రేకులు చేసే కంపెనీ అది. ముక్తేశ్వరరావు అందులో క్వాలిటీ కంట్రోల్ ఇంజనీరు. ఆ విభాగానికి మేనేజరు కుర్చీ చాలాకాలంగా ఖాళీగా ఉంది. దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా అతను చేత్తో ఓసారి దుమ్ము దులిపి మరీ వెళ్ళేవాడు. తను కూచోబోయే కుర్చీ కదా అని.

మిషన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఏసీ గదిలో ఒక నల్లరాతి బల్ల, దాని మీదకి వేలాడే సన్నటి పుల్ల, పుల్ల చివర మిరియపు గింజంత కెంపు పూస. బల్ల మీద పార్టు పెడితే ఆ పూస వచ్చి ఇక్కడోసారి, అక్కడోసారి తాకుతుంది. కన్నం ఎంత గుండ్రంగా ఉందో, ఉండాల్సిన చోటే ఉందో లేదో కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి, డ్రాయింగుతో పోల్చి చూస్తుంది. సరిపోతే పచ్చరంగు, సరిపోకపోతే ఎర్రరంగు. అబద్ధం ఆడదు, లంచం తినదు, టీకి వెళ్ళదు. ఇలాంటి మనిషి కంపెనీలో మరొకరు లేరని ముక్తేశ్వరరావు మురిసిపోయాడు.

ఇంట్లో కూడా ఆ మిషన్ గురించే గొప్పలు. పటమటలో ఐదో అంతస్తులో వాళ్ళ ఫ్లాటు. పాత లిఫ్టు చచ్చిపోయి, దాన్ని ఊడదీయించాక అతని అత్తగారు భ్రమరాంబగారు కిందికి దిగలేదు. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లు దిగలేరు. ఆవిడకి లోకంలో ఉన్న కోరిక ఒకటే. రైతుబజారుకి వెళ్ళి తన చేత్తో బెండకాయ కొస విరిచి చూసుకుని కొనుక్కోవాలి. అల్లుడు తెచ్చే బెండకాయలు ముదురు. అల్లుడు తెచ్చే వంకాయల్లో పురుగు. ఆవిడ ఏమీ అనరు, తరుగుతూ తరుగుతూ ఒకటొకటే పక్కన పెడతారు. సాయంత్రానికి అతను తెచ్చినదాంట్లో సగం పక్కనే ఉంటుంది.

"కొత్త లిఫ్టుకి మా కంపెనీ బ్రేకే వేయిస్తున్నానండీ అత్తయ్యగారూ," అన్నాడు ముక్తేశ్వరరావు. "నేను సంతకం పెడితేగానీ ఆ బ్రేకు గేటు దాటదు."

"అయితే నాకేం భయంలేదు బాబూ," అన్నారావిడ. ఆ సాయంత్రం బాల్కనీలోంచి ఎదుటి ఫ్లాటావిడకి వినబడేలా "మా అల్లుడు సంతకం పెడితేగానీ ఏ లిఫ్టూ కదలదుట" అని చెప్పుకున్నారు.

మిషన్ పని మొదలెట్టిన రోజు కంప్యూటరు తెర నిండా కుంకుమ చల్లినట్టు అయింది. బ్రేకు బాడీలన్నీ ఎరుపే. కన్నాలు పక్కకి జరిగాయి, బిగించే ముఖాలు వాలాయి. ఇన్నేళ్ళూ చేత్తో కొలిచి, "ఆ, సరిపోతుందిలే" అని పంపించినవన్నీ ఇలాగే ఉండుంటాయన్న ఆలోచన వచ్చి ముక్తేశ్వరరావుకి చెమట పట్టింది. ఏసీ గదిలో చెమట పట్టించుకున్న మొదటివాడు అతనే.

జనరల్ మేనేజరు సుదర్శనాచార్యులు గారి నుంచి పిలుపు వచ్చింది. ఆచార్యులు గారు మామూలుగా మాట్లాడరు. నోటితోనే సర్క్యులర్లు జారీచేస్తారు.

"ముక్తేశ్వరరావు గారూ, సంస్థ యొక్క ప్రతిష్ఠాత్మక పెట్టుబడి, సంస్థ యొక్క ప్రతిష్ఠకే భంగకరంగా పరిణమించినట్లు యాజమాన్యం దృష్టికి తీసుకురాబడింది. ఎండీ గారు బాధపడ్డారు."

"పార్టులు అలా ఉన్నాయండి మరి."

"పార్టులు నిన్న కూడా ఉన్నాయి. మొన్న కూడా ఉన్నాయి. ఎరుపు ఇవాళే వచ్చింది. దీన్ని బట్టి లోపం ఎక్కడ ఉత్పన్నమైందని భావించాలి?"

ముక్తేశ్వరరావు చేతిలోని ఎర్ర రిపోర్టుని మడతపెట్టాడు.

"యాజమాన్యం ఎవరినీ నిందించదు," అన్నారు ఆచార్యులు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "అయితే మేనేజరు పదవికి పరిశీలనలో ఉన్న అభ్యర్థి, మిషన్ చేత కూడా సానుకూలంగా మాట్లాడించగలిగిన వ్యక్తి అయి ఉండాలని ఆశించబడుతోంది."

ఇక్కడ మనవాడు చెయ్యాల్సింది ఏమిటంటే, మిల్లింగు షాపుకి వెళ్ళి పార్టుని బిగించి పట్టుకునే ఫిక్చర్లు అరిగిపోతే వాటిని మార్పించడం. అతనికది తెలుసు. తెలిసే వెళ్ళి కంప్యూటరు ముందు కూచుని, మెనూలో ఒక మూల ఉన్న 'బెస్ట్ ఫిట్' అనే బటన్ కేసి చాలాసేపు చూశాడు.

కొలిచే ముందు మిషన్‌కి ఒక సంగతి చెప్పాలి, ఎక్కడ నుంచుని చూడాలన్నది. బ్రేకు బాడీకి అడుగున ఒక ముఖం ఉంటుంది, మోటారుకి బిగించేది. న్యాయంగా అక్కణ్ణించే చూడాలి. బెస్ట్ ఫిట్ అంటే అలా ఒకచోట నుంచోవడం కాదు. పార్టు ఎక్కణ్ణించి చూస్తే బాగా కనబడుతుందో మిషనే వెతుక్కుని అక్కడికి వెళ్ళి నుంచుంటుంది. ఫొటోలో గోడ వంకరగా వస్తోంటే ఫోన్ వంచి నిటారుగా తీసినట్టు. వంపులు తిరిగిన ఆకారాలకి ఆ బటన్ మంచిదే. బిగించే పార్టులకి వాడకూడదని ట్రైనింగులో ప్రత్యేకంగా చెప్పారు. అతను ప్రత్యేకంగా రాసుకున్నాడు కూడా.

నొక్కాడు.

తెర మీద ఎరుపంతా ఒక్కక్షణం వణికి, పచ్చబడిపోయింది. పంటకాలవకి నీళ్ళొదిలిన మర్నాటి వరిమడిలా ఉంది. పార్టు కదల్లేదు, లోహం ఒక్క రవ్వ తగ్గలేదు, పెరగలేదు. ముక్తేశ్వరరావుకి సిగ్గేసింది. సిగ్గు కంటే హాయి ఎక్కువ వేసింది. ఆ హాయి చూసుకుని మళ్ళీ సిగ్గేసింది. ఈలోగా ప్రింటు వచ్చేసింది.

ఆచార్యులు గారు అంత తేలిగ్గా వదిలేవారు కాదు. ఏం చేశావో చెప్పమన్నారు. ముక్తేశ్వరరావు ఉన్నదున్నట్టు చెప్పాడు, కాస్త సణుగుతూ. "పార్టుని డ్రాయింగుకి తగ్గట్టు మార్చకుండా, మనం చూసే చోటుని పార్టుకి తగ్గట్టు మార్చామండి."

ఆచార్యులు గారు కుర్చీలోంచి లేచి నుంచున్నారు. "ఇది కేవలం సాంకేతిక విషయం కాదు ముక్తేశ్వరరావు గారూ. ఇది ఒక జీవన విధానం!"

మర్నాడు నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలిసింది. "ఇందుమూలముగా సమస్త విభాగాధిపతులకు తెలియజేయునది ఏమనగా, నాణ్యతా విభాగమునందు అపూర్వ ఫలితములను సాధించిన బెస్ట్ ఫిట్ విధానము సంస్థయందలి సమస్త కార్యకలాపములకు వర్తింపజేయబడినది. ఇకమీదట లోపమనునది వస్తువునందు గాక, చూచు స్థానమునందు మాత్రమే వెదకబడవలెను."

మొదట అందుకున్నది టైమాఫీసు. పొద్దుటి షిఫ్టు ఎనిమిదికి. జనం వచ్చేది ఎనిమిదీ ఇరవైకి. వచ్చే వేళని బట్టి షిఫ్టుని సర్దారు, ఎనిమిదీ ఇరవైకి మొదలని. అందరూ టైముకి వచ్చినట్టే అయింది, అందరికీ పచ్చరంగు. అయితే షిఫ్టు ఎనిమిదీ ఇరవైకి కదా అని జనం ఎనిమిదీ నలభైకి రావడం మొదలెట్టారు. మళ్ళీ సర్దారు. అలా సర్దగా సర్దగా పొద్దుటి షిఫ్టు మధ్యాహ్నం భోజనాలతో మొదలయ్యే స్థితికి వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాడు కంపెనీ మొత్తంలో ఒక్కడు లేడు. పాత అలవాటు చావక ఎనిమిదింటికే వచ్చి గేటు దగ్గర నుంచునే ముక్తేశ్వరరావుకి మాత్రం 'సగటు నుండి తీవ్రముగా వైదొలగినందులకు' మెమో ఇచ్చారు.

స్టోర్సులో బోల్టులు లెక్క తగ్గాయి. అరలో ఎన్ని ఉంటే అన్నే ఉండాలి అని సర్దుకున్నారు. దొంగతనం అనే మాటే పోయింది. క్యాంటీన్లో సాంబారు ఉప్పు కషాయం. ఎవరో గొణిగితే వంటమేస్త్రి సర్క్యులర్ చూపించి "సాంబారు సరిగ్గానే ఉందండీ, తమరి నాలిక సర్దుకోలేదు" అన్నాడు. ముక్తేశ్వరరావు తలొంచుకుని తిన్నాడు. వంటమేస్త్రి వాడిన న్యాయం తను కనిపెట్టిందే మరి.

చిక్కంతా అసెంబ్లీ షాపులో వచ్చింది. బాడీ పచ్చ, చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు చేతులు పచ్చ, రెంటినీ కలిపే పిన్నులు పచ్చ. మూడూ కలిపి బ్రేకు చేద్దామంటే ఒకదాంట్లో ఒకటి దూరవు. ఎవడికి వాడు ఎక్కడో నుంచుని అందంగా కనబడుతున్నవాళ్ళాయె, అందరూ కలిసి ఒకచోట నుంచోమంటే ఎలా కుదురుతుంది? అసెంబ్లీ ఫోర్‌మన్ మస్తాన్‌వలీ పిన్ను పట్టుకుని ఏసీ గదిలోకి వచ్చాడు.

"సార్, ఇది దూరట్లేదండి."

"రెండూ పచ్చగానే ఉన్నాయి కదయ్యా."

"పచ్చగానే ఉన్నయ్యండి. నేను కాదన్నానా? దూరట్లేదంతే."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావ్?"

"సుత్తుందిగా సార్," అన్నాడు మస్తాన్‌వలీ, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "కాకపోతే ఇది చిన్న సుత్తి. అయిదు కేజీలది ఇప్పిస్తారేమోనని వచ్చా."

ఈ సంగతి ఆచార్యులు గారి దాకా వెళ్ళింది. ఆయన సుత్తి అనే మాట వినడానికి ఇష్టపడలేదు. దానికి 'అంతిమ సమన్వయ సాధనము' అని పేరు పెట్టారు. సాధనం కాబట్టి దానికీ తనిఖీ ఉండాలన్నారు. ముక్తేశ్వరరావు ఆ సుత్తిని తెచ్చి నల్లరాతి బల్ల మీద పెట్టాడు. కెంపు పూస భయం భయంగా వచ్చి దాని ముఖాన్ని తాకింది. సుత్తికి డ్రాయింగు లేదు. సుత్తినే డ్రాయింగుగా తీసుకుని, సుత్తితో పోల్చి చూశారు. నూటికి నూరుపాళ్ళు సరిపోయింది. కంపెనీ చరిత్రలో అంత పచ్చటి రిపోర్టు అదివరకు రాలేదు. సుత్తిని ఏసీ గదిలోనే ఉంచమన్నారు. మస్తాన్‌వలీ అవసరమైనప్పుడల్లా బూట్లు విప్పి, లోపలికొచ్చి, సంతకం పెట్టి, సుత్తి పట్టుకెళ్ళేవాడు.

దెబ్బలు తిని బిగుసుకున్న పిన్నుల మీద బ్రేకు చేతులు ఎంత తొందరగా పట్టుకోవాలో అంత తొందరగా పట్టుకోవు. ఒకసారి కాస్త ఆలస్యం, ఒకసారి మరీ ఆలస్యం. ఆ బ్రేకుల్లో ఒకటి లిఫ్టు కాంట్రాక్టరు వ్యానెక్కి, పటమటలో ముక్తేశ్వరరావు ఉండే అపార్ట్‌మెంటు ముందు దిగింది. దాని మెడలో అతని సంతకం ఉన్న పచ్చ కాగితం వేలాడుతోంది.

"అల్లుడుగారూ, లిఫ్టు ఎంతదాకా వచ్చింది?" అని రోజూ అడిగే భ్రమరాంబగారు ఆరోజు అడగలేదు. బీరువాలోంచి గుడ్డసంచీ తీసి, ఉతికి, బాల్కనీలో ఆరేశారు. ఆ సంచీ చూసిన ముక్తేశ్వరరావుకి రాత్రి అన్నం సహించలేదు. భార్య శేషుకుమారి "ఒంట్లో బాలేదా?" అని అడిగితే "సాంబారు పడలేదు" అన్నాడు. ఆ పూట ఇంట్లో చేసింది చారు.

మర్నాడు పొద్దున్నే స్టోర్సుకెళ్ళి, అదే లాటులో మిగిలిన బ్రేకు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. బెస్ట్ ఫిట్ తీసేశాడు. బిగించే ముఖం మీదే నుంచోమని మిషన్‌కి చెప్పాడు. పూస బుద్ధిగా వెళ్ళి తాకాల్సిన చోటల్లా తాకింది. తెర మొత్తం ఎర్రబడిపోయింది. ఆ కాగితం పట్టుకుని, ధైర్యం పోకముందే చేరాలని పరుగులాంటి నడకతో ఆచార్యులు గారి గదికి వెళ్ళాడు.

"ఈ లాటు వెనక్కి తెప్పించాలండి. ఒక బ్రేకు మా అపార్ట్‌మెంటు లిఫ్టుకే వచ్చింది. మా అత్తగారు ఎక్కుతారు."

"అత్తగారి భద్రత పట్ల సంస్థకి సంపూర్ణ సానుభూతి ఉంది," అన్నారు ఆచార్యులు గారు. "అయితే ఇది వ్యక్తిగత అభిప్రాయమా, కొలతా?"

"కొలతండి. ఎర్రగా కనబడుతోంది కదా."

ఆచార్యులు గారు విభాగాధిపతులందరినీ పిలిపించి ఒక్కొక్కరినీ అడిగారు. టైమాఫీసు బాగుందంది. స్టోర్సు బాగుందంది. వంటమేస్త్రి కూడా బాగుందన్నాడు. ఎందుకు పిలిచారో అతనికి తెలీదు. బాగాలేదన్నవాడు ఒక్కడే.

"మీరే కదండీ ట్రైనింగు నుంచి వచ్చి మాకు బోధించారు," అన్నారు ఆచార్యులు గారు ప్రేమగా. "అనేక స్పర్శల్లో ఒక్కటి మాత్రం మిగతావాటికి దూరంగా పడితే ఏమంటారు దాన్ని?"

"అవుట్‌లయర్ అంటామండి."

"సాఫ్ట్‌వేర్ దాన్ని ఏం చేస్తుంది?"

"దుమ్ము కింద లెక్కకట్టి... తీసేస్తుందండి."

"అదీ! సంస్థ ఎవరినీ శిక్షించదు. లెక్కలోకి తీసుకోదు, అంతే."

ఆరోజు నుంచి అతను లెక్కలో లేడు. ఉద్యోగం తీసెయ్యలేదు. హాజరుపట్టీలో అతని పేరు మీద నుంచి వేలు జారిపోయేది. నమస్కారం పెడితే ఆచార్యులు గారు అతని వెనకున్న గోడకి ప్రతినమస్కారం చేసేవారు. క్యాంటీన్లో ప్లేటు ఇచ్చేవారు కాదు. అది మాత్రం మంచికే వచ్చింది. జీతం పడుతూనే ఉంది, ఎకౌంట్సు వాళ్ళకి ఆ బటన్ ఇంకా చేతకాలేదు కాబట్టి. మేనేజరు పదవి సుత్తి సాధించిన ఫలితాలకి గుర్తింపుగా మస్తాన్‌వలీకి ఇచ్చారు.

"ఒట్టు సార్, నాకేం తెలీదు," అని మస్తాన్‌వలీ కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. "సుత్తి తీసుకుని రమ్మన్నారు. ఏదన్నా దూరట్లేదేమో అనుకుని వెళ్ళా. దండేశారు."

ముక్తేశ్వరరావుకి కోపం రావాలి. రాలేదు. తను దులుపుతూ వచ్చిన కుర్చీలో మస్తాన్‌వలీ ఒక అంచు మీద బితుకుబితుకుమంటూ కూచుని ఉంటే, బెస్ట్ ఫిట్ నొక్కినందుకు తనకి ఇంతకంటే మర్యాదైన శిక్ష ఎవరు వేస్తారు అనిపించింది.

లిఫ్టు ప్రారంభోత్సవానికి అపార్ట్‌మెంటు జనమంతా కింద చేరారు. అసోసియేషన్ సెక్రటరీ కామేశంగారు, బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, రిబ్బను కత్తిరించబోతుంటే ముక్తేశ్వరరావు చేతులడ్డం పెట్టాడు.

"ఎక్కకండి. బ్రేకు బాగాలేదు."

కామేశంగారు కళ్ళజోడు సవరించుకుని, లిఫ్టు పక్కన ఫ్రేము కట్టించి మరీ తగిలించిన పచ్చ కాగితం చూపించారు. "ఈ సంతకం ఎవరిదండీ?"

"నాదేనండి."

"అప్పుడు బాగున్న బ్రేకు, తమకి ప్రమోషన్ రాకపోయేసరికి చెడిపోయిందా?"

జనం నవ్వారు. లోపల దాచుకున్న అసలు కారణం బయటపడిందనుకున్నారు అందరూ. కామేశంగారు రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, ఓ చిప్ప చేత పట్టుకుని లోపలికెళ్ళి, మూడో నంబరు నొక్కారు. లిఫ్టు మూడో అంతస్తు దాటి జానెడు పైకెళ్ళి ఆగింది. తలుపు తెరుచుకున్నాక ఆయన దర్జాగా అడుగేసి, అడుగున నేల లేకపోయేసరికి కొబ్బరిచిప్పతో సహా బోర్లాపడ్డారు. దెబ్బలేం పెద్దవి కావు. పరువుకే కాస్త తగిలింది. పరువుకి తగిలింది కాబట్టి, లిఫ్టు బాగాలేదని ఒప్పుకోవడం ఇంక ఆయన వల్ల కాలేదు.

కంపెనీకి ఫిర్యాదు వెళ్ళింది. సాక్షాత్తూ ఆచార్యులు గారే లాప్‌టాప్‌తో కారు దిగారు. ముక్తేశ్వరరావు ఎదురుగానే నుంచున్నాడు. ఆయనకి కనబడలేదు. అంతస్తంతస్తుకీ వెళ్ళి టేపు పెట్టి కొలిచి, కంప్యూటర్లో నొక్కాల్సింది నొక్కి, జనాన్ని పోగేసి తీర్పు చెప్పారు.

"లిఫ్టు లిఫ్టుగా నిర్దోషంగా ఉంది. మీ భవనం యొక్క అంతస్తులే లిఫ్టుకి అనుగుణంగా నిర్మించబడలేదు. నేలలు పైకి సర్దబడవలసి ఉంది."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిల్డరు మీద అందరికీ ఎప్పట్నుంచో కోపం ఉంది కాబట్టి, అదే అయ్యుంటుందని తేలిగ్గానే నమ్మారు. మేస్త్రిని పిలిచి ప్రతి అంతస్తులోనూ లిఫ్టు ముందు ఒక సిమెంటు మెట్టు కట్టించారు. పదిరోజులకి పిన్నులు ఇంకాస్త బిగుసుకుని లిఫ్టు ఇంకో జానెడు పైన ఆగింది. ఇంకో మెట్టు కట్టారు. ముక్తేశ్వరరావు ఎర్రసుద్ద తెచ్చి లిఫ్టు తలుపు మీద 'ఎక్కరాదు' అని రాశాడు. కామేశంగారు దాని మీద పచ్చ కాగితం అంటించారు. నెల దాటేసరికి లిఫ్టు ఎక్కాలంటే ఐదు మెట్లెక్కాల్సి వచ్చేది. మెట్లెక్కలేక లిఫ్టు పెట్టించుకున్న జనం, లిఫ్టెక్కడానికి మెట్లెక్కుతూ, అలవాటైపోయిందండీ అంటూ, పిల్లల్ని చంకనెత్తుకుని ఎక్కిస్తూ, సుఖంగా ఉన్నారు.

ఒక ఆదివారం పొద్దున్న భ్రమరాంబగారు మంచి చీర కట్టుకుని, గుడ్డసంచీ పట్టుకుని, శేషుకుమారి భుజం ఆసరాగా లిఫ్టు దాకా వచ్చారు. ఇంట్లో ఎవరూ ఆవిడకి మెట్ల సంగతి చెప్పలేదు. ముక్తేశ్వరరావు ఎలా చెప్పాలో తెలీక రోజూ రేపు అనుకుంటూ వచ్చాడు. ఆవిడ మెట్ల వరస కేసి చూశారు. మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండోది ఎత్తలేక, మళ్ళీ దింపేశారు.

"అల్లుడుగారూ, ఈ లిఫ్టు మీరు సంతకం పెట్టిందేనా?"

"నేను పెట్టిందేనండి," అన్నాడు ముక్తేశ్వరరావు. సర్దుకుని బతికేవాడి గొంతు కాదది. "బ్రేకు బాగాలేదని మిషన్ చెప్పిందండీ. నేనే నోరు నొక్కేశాను. మేనేజరు పోస్టు వస్తుందని."

"వచ్చిందా?"

"లేదండి."

ఆవిడ ముదురు బెండకాయని పక్కన పెట్టినట్టు ఓ చూపు చూసి, వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని ఇంట్లోకి నడిచారు. సంచీని మడతపెట్టి బీరువాలో పెట్టబోయారు. ఆ బీరువా తలుపు చప్పుడికి ముక్తేశ్వరరావుకి ఏడుపొచ్చింది. మెమోలకి రాని ఏడుపు, దండ ఇంకొకడి మెడలో పడితే రాని ఏడుపు.

గబగబా మెట్లన్నీ దిగి, కింద మీటర్ల గదిలోకి వెళ్ళి, లిఫ్టు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. బయటికి వస్తూనే కామేశంగారు ఎదురయ్యారు. "లిఫ్టాగిపోయింది! ఫ్యూజేదండీ?"

"నా జేబులో ఉంది. బ్రేకు మార్చేదాకా ఇవ్వను. పోలీసుల్ని పిలుస్తారా, పిలవండి. కనీసం వాళ్ళన్నా నన్ను లెక్కలోకి తీసుకుంటారు."

అప్పుడే గేటు ముందు కారు ఆగింది. మేనేజరు మస్తాన్‌వలీ కొత్త చొక్కాతో దిగాడు, చేతిలో స్వీటు ప్యాకెట్టు. ప్రమోషనొచ్చాక ఇంటికొచ్చి కలవలేదని మనసులో పీకుతోందిట. ముక్తేశ్వరరావు స్వీటు ప్యాకెట్టు లాక్కుని కామేశంగారి చేతిలో పెట్టాడు. వాచ్‌మన్ కూచునే ప్లాస్టిక్ కుర్చీ చూపించి "ఒక పక్క పట్టుకో, ఐదో అంతస్తుకి" అన్నాడు.

"దేనికి సార్?"

"ఒక మనిషిని కిందికి దింపాలి. సుత్తి అక్కర్లేదు."

భ్రమరాంబగారు మొదట కాదన్నారు. ఇదేం ఊరేగింపు అన్నారు. శేషుకుమారి బీరువాలోంచి సంచీ మళ్ళీ తీసి ఆవిడ చేతికిచ్చేసరికి మాట్లాడకుండా కూచున్నారు. ముందు ముక్తేశ్వరరావు వెనక్కి నడుస్తూ, వెనక మస్తాన్‌వలీ ఆయాసపడుతూ, కుర్చీ మెల్లిగా ఒక్కొక్క మెట్టే దిగడం మొదలెట్టింది. ప్రతి అంతస్తులో జనం తలుపులు తీసి చూశారు. నవ్వినవాళ్ళు నవ్వారు. మూడో అంతస్తులో ఒకాయన మాత్రం చెప్పులు విప్పి వచ్చి కుర్చీకి మూడో చెయ్యి వేశాడు.

రెండో అంతస్తు మలుపులో కుర్చీ కాస్త పక్కకి ఒరిగింది.

"ఆగండాగండి!" అన్నారు భ్రమరాంబగారు. అందరూ ఆగారు. "అల్లుడుగారూ, ఈ కుర్చీని మీ మిషన్ మీద గానీ పెట్టారా?"

"లేదండీ అత్తయ్యగారూ. ఆ గదిలోకే తీసుకెళ్ళలేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే పదండి," అని ఆవిడ సంచీ ఒళ్ళో సర్దుకుని, నిబ్బరంగా వెనక్కి వాలి కూచున్నారు.